బొమ్మ పక్కన ఎవరు నిలబడతారు?

(హైదరాబాద్‌లో ఒక సాయంత్రం ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులతో, బొమ్మలంటే ఇష్టమున్న మరికొందరితో ఒక చిత్రకారిణి మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, చాప మీద చోటుంది. నాకు మైకులో మాట్లాడే అలవాటు లేదు, వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

నన్ను పిలిచినప్పుడు ఏం మాట్లాడమంటారు అని అడిగాను. "మీరు పటం బొమ్మలూ వేస్తారు, అబ్‌స్ట్రాక్టూ వేస్తారు కదా మేడమ్, రెండింటి గురించీ చెప్పండి" అన్నారు. పటం అంటే చేర్యాల పటం, కథ చెప్పడానికి పొడుగాటి గుడ్డ మీద వేసే చుట్ట బొమ్మ. అబ్‌స్ట్రాక్ట్ అంటే ఇది మనిషి, ఇది చెట్టు అని గుర్తుపట్టే ఆకారం లేనిది. ఎక్కడికి వెళ్ళినా ఇదే ప్రశ్న. ఇంతకీ మీది ఏ పార్టీ అన్నట్టు అడుగుతారు. సంప్రదాయమా, ఆధునికమా? ఇంట్లో పచ్చిపులుసు తినేవాళ్ళు బయట బిర్యానీ తినకూడదా? ఈ ఊళ్ళో ఎవరూ అలా అడగరు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదో ఒక పక్కన నిలబడమంటారు. అలాగని "రెండూ గొప్పవే" అని చెప్పేసి తప్పించుకోను. రెండూ ఎందుకు కావాలో, ఎక్కడ ఏది పనికిరాదో, నాకు తెలిసినంత చెప్తాను.

ముందు మా నాయన గురించి చెప్పాలి. నాయన బోర్డులు రాసేవాడు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల కిరాణా కొట్లకి, సైకిల్ షాపులకి, టైలర్లకి రాసేవాడు. పెద్ద సినిమా విడుదలప్పుడు బ్యానర్లు వేసేవాళ్ళ దగ్గర కూలికి కూడా పోయేవాడు. మీలో చిన్నవాళ్ళకి తెలియదేమో, ఆ రోజుల్లో హీరో మొహం ఇరవై అడుగులుండేది, అంతా చేత్తోనే వేసేవాళ్ళు. చిన్న ఫొటో మీద పెన్సిల్‌తో గళ్ళు గీసుకుని, అన్నే గళ్ళు బట్ట మీద పెద్దగా గీసి, ఒక్కో గడిలో ఏముందో అది వేసుకుంటూ పోవడమే. నాయనకి ఎప్పుడూ చెవి గడో, చొక్కా గడో వచ్చేది. కళ్ళు మేస్త్రీవి. కళ్ళు వేరేవాళ్ళు ముట్టుకోకూడదు.

నేను పక్కన కూర్చుని బ్రష్షులు కడిగేదాన్ని. నాయన అక్షరం రాసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. "కి" మీద గుడి తిప్పుతాడు చూడండి, ఆ తిప్పు అయ్యేదాకా ఊపిరి లేదు. అయ్యాక ఒక్కసారి వదిలేవాడు. ఈ ఊపిరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

ఒకసారి నాయన నన్ను సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్ళాడు. అందరూ వెళ్తారు కదా, గడియారం చూసి, మేలిముసుగు రెబెకా చూసి వస్తారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. పాలరాయి మీద పల్చటి ముసుగు, దాని కింద మొహం కనపడుతుంది. జనం గడియారంలో గంట కొట్టే బొమ్మ కోసం పరిగెత్తారు, నాయన మాత్రం రెబెకా దగ్గర అలా నిలబడిపోయాడు. చాలాసేపయ్యాక, "రాయి రాయిలా లేదు" అన్నాడు. పొగిడాడో, ఫిర్యాదు చేశాడో నాకిప్పటికీ తెలీదు.

సరే, నేను ఆర్ట్ కాలేజీలో చేరాను. ఏ కాలేజీ అని అడక్కండి, చెప్పను. మొదటి సంవత్సరమంతా ప్లాస్టర్ తలకాయలు ముందు పెట్టి, వెలుగు ఎటునుంచి పడుతోంది, నీడ ఎటు పడుతోంది అని వేయించారు. గ్రీకు ముక్కు, గ్రీకు గడ్డం. మా వీధిలో అలాంటి ముక్కున్న మనిషి ఒక్కడూ లేడు! నేను ఇదంతా మోడర్న్ అనుకున్నాను. మా నాయన చేసేది పాతది, ఇది కొత్తది అనుకున్నాను. ఎంత అమాయకత్వం చూడండి. అది యూరప్ వాళ్ళ సంప్రదాయం. వాళ్ళ తాతలు వాళ్ళకి నేర్పింది. అక్కడి ఆధునికులు దాన్ని వదిలించుకోవడానికే కదా అన్ని తంటాలు పడ్డారు? 1907లో పికాసో పారిస్ మ్యూజియంలో ఆఫ్రికా మాస్కులు చూసి అదిరిపోయాడంటారు. ఆ మాస్కులు చేసినవాళ్ళకి అవి తమ పూజల్లోవి, తంతుల్లోవి. ఒకడి ఇంట్లో పాతది ఇంకొకడికి కొత్త. కాబట్టి పాత, కొత్త అన్న మాటలతో బొమ్మని తూచలేం.

ఆ కాలేజీలోనే ఒక సారు, నేను చేర్యాల పటం ఫొటో ఒకటి చూపిస్తే, "అది క్రాఫ్టమ్మా, ఆర్ట్ కాదు" అన్నారు. నేను తలూపాను. తలూపినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చేర్యాలకి మొదటిసారి వెళ్ళింది చదువు అయిపోయిన చాలా ఏళ్ళకి. అప్పుడది వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. పటాలు వేసేవాళ్ళని నకాషీలంటారు, ఇప్పుడు మిగిలినవి కొన్ని కుటుంబాలే. అక్కడ ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. కాలేజీ బుద్ధి కదా, నోట్‌బుక్ తీసి, "పెద్దయ్యా, వెనకాల అంతా ఎర్రరంగే ఎందుకు?" అని అడిగాను. ఏదో శాస్త్రం చెప్తాడు, శక్తికి చిహ్నం అంటాడు, రాసుకుందామని పెన్ను పట్టుకున్నాను.

"రాత్రిపూట కథ చెప్పేటప్పుడు ఎనక కూసున్నోనికి కనవడొద్దా బిడ్డా?" అన్నాడు.

అంతే. నోట్‌బుక్ మూసేశాను. ఆలోచించండి. ఊరి మధ్యలో పటం కడతారు. దీపం వెలుగు, మహా అయితే పెట్రోమాక్స్. చివరి వరసలో ముసలమ్మ కూర్చుంది, చూపు ఆనదు. ఆమెకి కనపడాలి. అందుకే వెనకాల ఎరుపు, అందుకే అంతంత కళ్ళు, అందుకే చుట్టూ నల్లగీత, అందుకే దేవుడు నీలం, దేవత పసుపు, రాక్షసుడు ముదురు రంగు. మరి నీడలు ఎందుకు లేవు? ఇది నా ఊహ, తప్పైతే చెప్పండి. దీపం గాలికి ఊగుతూ ఉంటే గుడ్డ మీద అసలు నీడలే ఆడుతుంటాయి, మళ్ళీ బొమ్మలో నీడ వేసి ఏం లాభం? మేము కాలేజీలో "ఫ్లాట్‌గా ఉంది, లోతు చూపించే పర్‌స్పెక్టివ్ తెలీదు" అని కొట్టిపారేసినదంతా తెలియకపోవడం కాదు. పదార్థం తెలిసి, జనం తెలిసి, వెలుగు తెలిసి వేసినది.

ఇంకొక సంగతి. ఆ పటం ఒంటరిది కాదు. దాని పక్కన ఒక మనిషి ఉంటాడు. పటమేమో మూడడుగుల వెడల్పు, నలభై అడుగులు దాటిన పొడవు. అడ్డంగా అరలు, అరకీ అరకీ మధ్య పూల అంచు. కథకుడు ఒక్కో అర విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ పోతాడు. స్క్రోల్ అనే మాట మీకు ఫోన్లో తెలుసు, మనవాళ్ళకి గుడ్డలో తెలుసు. ఏ కులానికి ఆ కథ, ఆ కథకుడు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెప్తారు, చాకలివాళ్ళకి మడేలు పురాణం, మాదిగలకి డక్కలివాళ్ళు జాంబ పురాణం చెప్తారు. పటం చిరిగి పాతబడిపోతే చెత్తలో పారేయరు, నదిలో కలుపుతారు. మనిషికి చేసినట్టు చేస్తారన్నమాట.

అంటే పటం సగం బొమ్మే. మిగతా సగం పక్కన నిలబడ్డవాడి గొంతులో ఉంది. దాన్ని తీసుకొచ్చి ఏసీ గదిలో అద్దం బిగించి గోడకి తగిలిస్తే మనం సగమే చూస్తాం. చూసి, "భలే డెకరేటివ్‌గా ఉంది" అంటాం!

ఆ పెద్దాయన దగ్గర పని నేర్చుకోవడం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నేను పాడుచేసిందే ఎక్కువ. ఖాదీ గుడ్డ తీసుకుని గంజి పట్టించాలి. ఆ తర్వాత సుద్దమట్టి, చింతగింజల జిగురు, తుమ్మబంక కలిపి పూత వెయ్యాలి. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకబెడితే జిగురొస్తుంది. వాసన మాత్రం భరించాలి. ఒక పూత ఆరాక ఇంకోటి, అది ఆరాక ఇంకోటి. ఆరాక రాయితో రుద్ది నున్నగా చెయ్యాలి. నేనేం చేశాను? హైదరాబాద్ దాన్ని కదా, తొందరెక్కువ. మూడు పూతలకి బదులు ఒకటే మందంగా పూసేద్దాం, పనైపోతుంది అనుకున్నాను. బాగానే వచ్చింది, తెల్లగా, నున్నగా. బొమ్మ కూడా వేశాను, వారం పట్టింది. మంచి ఉషారుగా చుట్ట చుట్టాను.

టపటపమని చప్పుడొచ్చింది. విప్పి చూస్తే హనుమంతుడి మొహం మీదుగా అడ్డంగా పగుళ్ళు, ఎండిన చెరువులాగా.

పెద్దాయన నవ్వలేదు, తిట్టలేదు. పగులు మీద వేలు పెట్టి రాసి, "గోడకు సున్నమేసినట్టేసినవ్. ఇది చుట్టేది బిడ్డా, గోడ కాదు" అన్నాడు. పటం అంటే చుట్టుకుని, భుజాన వేసుకుని, ఊరూరా తిరిగేది. గుడ్డ వంగినప్పుడు పూత కూడా దానితో వంగాలి. అందుకే అన్ని పల్చటి పూతలు, అందుకే అంత జిగురు. నేను బొమ్మ వేశాను గానీ పటం చెయ్యలేదు.

తర్వాత గీత. ముందు పలుచగా కుంచెతోనే బొమ్మ గీసుకుంటారు, పెన్సిల్ లేదు, రబ్బర్ లేదు. తర్వాత వెనకాల ఎరుపు నింపుతారు, తర్వాత ఒళ్ళు, బట్టలు, నగలు, అన్నిటికంటే చివర నల్లగీత. ఉడుత వెంట్రుకల కుంచె అది, కొస కనపడీ కనపడనట్టుంటుంది. ఆయన కనుబొమ్మ గీస్తున్నప్పుడు చూశాను, ఊపిరి బిగబట్టాడు. గీత అయ్యాక వదిలాడు. మా నాయన గుర్తొచ్చాడు. ఇద్దరికీ ఒకళ్ళెవరో ఇంకొకళ్ళకి తెలీదు. ఒకాయన ఇంగిలీకం ఎరుపు, దీపం మసి నలుపు, శంఖం పొడి తెలుపు, వీటి కథలు తెలిసినవాడు, ఇంకొకాయన డబ్బా ఎనామిల్ పెయింట్ కలుపుకునేవాడు. ఊపిరి ఒకటే. నేను కాలేజీలో నాలుగేళ్ళు మర్చిపోయింది ఆ ఊపిరినే అని అక్కడ అర్థమైంది.

ఇంత చెప్పాక, "అయితే మేడమ్, పటాలే వేసుకోవచ్చు కదా, ఆ అబ్‌స్ట్రాక్టులెందుకు?" అంటారు. అక్కడికే వస్తున్నాను.

ఫ్లెక్సీలు వచ్చాక నాయన పని పోయింది. ఏడాదిలో కాదు, మెల్లగా. ముందు సినిమా బ్యానర్లు, తర్వాత రాజకీయ నాయకుల గోడరాతలు, చివరికి కిరాణా కొట్టు బోర్డు కూడా. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. పోయాక, ఆయన రాసిన గోడలు ఏమైనా మిగిలాయేమో అని తిరిగాను. ఒక సందులో ఒక గోడ దొరికింది. మీద రెండు మూడుసార్లు సున్నం వేశారు. సున్నం కింద నుంచి అక్షరం సగం కనపడుతోంది, "కి" మీద గుడి. మిగతాది తెలుపు.

నేను ఇంటికొచ్చి అది పటంలో వేద్దామని కూర్చున్నాను. వేయలేకపోయాను. పటంలో ప్రతిదానికీ ఒక గుర్తుంది, ఒక రంగుంది. దేవుడికుంది, రాక్షసుడికుంది, రాజుకుంది, చెట్టుకుంది. లేని మనిషికి రంగు లేదు. సున్నం కింద సగం అక్షరానికి పటం వ్యాకరణంలో చోటు లేదు. అది పటం తప్పు కాదు. అది ఊరందరికీ తెలిసిన కథ చెప్పడానికి పుట్టింది, నా ఒక్కదాని దుఃఖం మోయడానికి కాదు. అప్పుడు కాన్వాస్ తీశాను. తెలుపు మీద తెలుపు, దాని మీద తెలుపు, పల్చగా. చూశారా, పూత మాత్రం చేర్యాలలో నేర్చుకున్నట్టే వేశాను. రెండేళ్ళు అవే వేశాను.

అవి ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు మా మేనత్త వచ్చింది. అంతా తిరిగి చూసి, ఒక దాని ముందు నిలబడి, "ఇందుల ఏమున్నది బిడ్డా?" అంది. నేను పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఇది నాయన రాసిన గోడ అత్తా, ఇది సున్నం... ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకేమో లోపల ఒక పక్క సంతోషం, ఒక పక్క చికాకు. నేను కూనపులివాళ్ళ పని చేస్తున్నాను కదా! పక్కన నిలబడి చెప్తే తప్ప బొమ్మ పలకడం లేదా? అప్పుడిది కాన్వాస్ మీద వేసిన పటమేగా?

జవాబు ఆ ఎగ్జిబిషన్ దగ్గర వాచ్‌మన్ ఇచ్చాడు. ఆ పది రోజులూ ఆయన కుర్చీ ఒక బొమ్మ ఎదురుగా ఉంది. వేరే దారి లేదు, కుర్చీ అక్కడే, డ్యూటీ అక్కడే. ఆఖరి రోజు బొమ్మలు దింపుతుంటే వచ్చి, "మేడమ్, గా కింది మూల పొద్దుగాల తెల్లగుంటది, మాపటికి నీలమైతది, మీకు తెలుసా?" అన్నాడు. నాకు తెలీదు! నేను వేసిందాన్ని, నాకు తెలీదు. ఆయనకి ఎవరూ కథ చెప్పలేదు. ఆయన దగ్గర పది రోజులున్నాయి, అంతే.

పటం పక్కన కథకుడు నిలబడతాడు. కాన్వాస్ పక్కన ఎవరూ నిలబడరు, దాని ముందు చూసేవాడు నిలబడాలి, కాసేపు నిలబడాలి. నాకు కనపడిన తేడా ఇదొక్కటే. మిగతా తేడాలన్నీ, రంగులు, పద్ధతులు, పాత, కొత్త, అవన్నీ తర్వాతవి.

మన దగ్గర పెద్ద చిత్రకారులు ఈ రెండిటి మధ్య ఎలా నడిచారో చూడండి. కాపు రాజయ్య గారిది సిద్దిపేట, చేర్యాలకి పక్కనే. నకాషీల పనిని దగ్గరగా చూసి, తనదిగా చేసుకుని బోనాలు, బతుకమ్మ వేశారు. పి.టి.రెడ్డి గారు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివి, 1941లో అక్కడి కుర్రాళ్ళతో కలిసి ఆధునిక చిత్రకారుల బృందం పెట్టి, హైదరాబాద్ వచ్చి, చివరికి తాంత్రిక పూజల్లో గీసే యంత్రాల ఆకారాల్లోకి వెళ్ళారు. లక్ష్మాగౌడ్ గారిది ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్. ఆయన చేసే ఎచింగ్ అనేది యూరప్ పద్ధతి, రాగి రేకు మీద యాసిడ్‌తో గీత కొరికించి ప్రెస్సులో అచ్చు తీస్తారు. రేకు మీద ఉన్నదేమో మన మేకలు, మన మనుషులు, మన తుమ్మచెట్లు. తోట వైకుంఠం గారు చిన్నప్పుడు ఊళ్ళో నాటకాల్లో ఆడవేషాలు వేసే మగవాళ్ళని చూశానని చెప్తుంటారు. ఆ ముక్కుపుడకలు, ఆ బొట్లు అక్కడివి. వీళ్ళిద్దరూ బరోడాలో చిత్రకారుడు కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. ఆ మాస్టారు జానపదాన్ని వీధిలోంచి ఎత్తుకొచ్చి అతికించమనలేదు, అది ఎలా పనిచేస్తుందో చూడమన్నారు. నాకైతే అసలు పాఠం అదే అనిపిస్తుంది.

ఎందుకంటే ఇప్పుడు అతికించడం ఎక్కువైంది. మొన్న ఒక కెఫేవాళ్ళు పిలిచారు. చేర్యాల బొమ్మకి కళ్ళద్దాలు పెట్టి, చేతిలో ల్యాప్‌టాప్ పెట్టి గోడ మీద వెయ్యమన్నారు. వేశాను, అబద్ధమెందుకు, డబ్బు తీసుకున్నాను, కరెంటు బిల్లు కట్టాను. ల్యాప్‌టాప్ పెట్టడం తప్పని కాదు. ఆ గోడకి వెనక వరస ముసలమ్మ లేదు, కథకుడు లేడు, నిలబడి చూసేవాడూ లేడు, సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు. పెద్ద కళ్ళు ఉన్నాయి గానీ ఆ కళ్ళు ఎవరికోసం పెద్దవయ్యాయో అది లేదు. అలాగని నకాషీ కుటుంబాల పిల్లలు కీచెయిన్లు, మాస్కులు చేసి అమ్ముకుంటుంటే దాన్ని నేను ఒక్క మాట అనను. కథకుల నుంచి పటాలకి ఆర్డర్లు రావడం దాదాపు ఆగిపోయింది, వాళ్ళు బతకాలి. నా గొడవంతా మాలాంటి ఆర్ట్ కాలేజీ వాళ్ళతోనే. కళ్ళు, ముక్కులు కాపీ కొట్టి, చింతగింజ ఒక్కసారి కూడా ఉడకబెట్టకుండా "ట్రెడిషన్ నుంచి ఇన్‌స్పైర్ అయ్యాను" అని కేటలాగులో రాసుకునేవాళ్ళతో.

చాలా మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(పటం మీద ఆక్రిలిక్ వాడొచ్చా అని ఒక విద్యార్థి అడిగారు.)

వాడొచ్చు. ఇప్పుడు చాలామంది దుకాణంలో దొరికే రంగులే వాడుతున్నారు, దాచుకోవాల్సిన పనేం లేదు. కానీ మందంగా వెయ్యకు. ఆక్రిలిక్ ప్లాస్టిక్ లాంటిది, చుట్టినప్పుడు ఒకదానికొకటి అంటుకుంటుంది, ముఖ్యంగా మన ఏప్రిల్, మే నెలల్లో. నీళ్ళు ఎక్కువ కలుపు. నల్లగీతకి మాత్రం మంచి కుంచె కొనుక్కో, అక్కడ పిసినారితనం వద్దు.

(మీ ఇంట్లో గోడ మీద ఏ బొమ్మ ఉంది అని ఇంకొకరు అడిగారు.)

నాది ఏదీ లేదు. ఒక రేకు బోర్డుంది. "ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును" అని నాయన రాసింది. షాపు మూసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. వచ్చినవాళ్ళు కొంతమంది, "పాప్ ఆర్టా మేడమ్?" అంటారు. కొంతమంది, "యాంటిక్కా?" అంటారు. మా వాచ్‌మన్ కొడుకు ఒకసారి, "గంటకెంత?" అని అడిగాడు!

సరే, ఆ మూల బల్ల మీద నేను పగలగొట్టిన పటం తెచ్చి పెట్టాను, హనుమంతుడిది. పక్కనే తర్వాత వేసింది, పగలనిది కూడా ఉంది. రెండూ చుట్టి చూడండి, వేళ్ళకే తెలుస్తుంది తేడా. అయితే టీ గ్లాసులు మాత్రం ఆ బల్ల మీద పెట్టకండి, చేతులు తడిగా ఉంటే తుడుచుకుని రండి. చింతగింజల జిగురు అది, తడి తగిలితే ఊరుకోదు.